పైరు పోయింది మాకు, పేరు పడింది ఆసామిది

ప్రశ్న:

అయ్యా, మాది కృష్ణా జిల్లాలో కాలవ చివరి ఊరు. సొంత పొలం 60 సెంట్లు, మా ఆయన పేరు మీద ఉంది. ఇంకో నాలుగెకరాలు ఆరేళ్ల నుంచీ కౌలుకు చేస్తున్నాం. ఆయనకి నడుము నొప్పి వచ్చాక చేను చూసుకునేదీ, కూలీలను పిలిచేదీ, ఎరువుల కొట్లో బాకీ రాయించేదీ అన్నీ నేనే. కౌలు కింద కొలిచే మక్తా ఎకరానికి 12 బస్తాలు. అంతా నోటిమాటే, కాగితం లేదు. పొలం ఆసామి హైదరాబాదులో కొడుకు దగ్గర ఉంటారు. బాబాయి గారూ అని పిలుస్తాం. చెడ్డాయన కాదు. ఆయనకి మా ఊళ్లో మొత్తం 11 ఎకరాలుంది, మాతో కలిపి ముగ్గురం చేస్తున్నాం.

అక్టోబరు ఆఖర్న మొంథా తుపానుకి వరి పాలుపోసుకునే దశలో పడిపోయింది. నాలుగు రోజులు నీళ్లు తీయలేదు. మామూలుగా ఎకరానికి 30 బస్తాలు పండే చేను, ఈసారి పదమూడు వస్తే గొప్ప. నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లు ఆసామి పేరే రాసుకున్నారు. సర్కారు పంట నమోదు, అదే ఈ-పంటలో, ఆయన పేరే ఉందట. రైతు సేవా కేంద్రం గోడకి అంటించిన జాబితా చూశాను, మా నాలుగెకరాలూ ఆయన పేరు కిందే ఉన్నాయి. ఫోన్ చేస్తే "డబ్బులు పడనీ అమ్మా, మక్తా లెక్కలో అప్పుడు చూద్దాం" అన్నారు. ఆ డబ్బు మాకు రావాలా, ఆయనకా? గట్టిగా అడిగితే వచ్చే ఏడు పొలం ఇవ్వరేమోనని భయం. అడక్కపోతే ఎరువుల కొట్టు బాకీ, డ్వాక్రా వాయిదా ఎలా కట్టాలో తెలియడం లేదు. రాత్రిళ్లు నిద్ర పట్టదు, ఒకటే టెన్షన్. నా పేరు రాయకండి.

సమాధానం:

అమ్మా, ఆ డబ్బు మీకే రావాలి. పెట్టుబడి పెట్టి పంట పోగొట్టుకున్నది మీరు. 2019లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టం కూడా ఇన్‌పుట్ సబ్సిడీ (పంట పోయినప్పుడు పెట్టుబడికిచ్చే సాయం), బీమా పరిహారం లాంటివి సాగు చేసినవాళ్లకే చెందాలంటుంది. కాకపోతే ఆ చట్టం కింద మీ చేతికి రావలసిన కౌలు కార్డు లేదు, ఆసామి సంతకం లేదు, ఈ-పంటలో మీ పేరు లేదు. న్యాయం మీవైపు, కాగితం ఆయనవైపు ఉన్నాయి. సర్కారు డబ్బు కాగితం వెంటే పోతుంది.

కాబట్టి ముందు చేయాల్సిన పని ఒకటే. గోడకి అంటించిన ఆ జాబితా ఇంకా ఖరారు కాలేదేమో రేపు పొద్దున్నే వెళ్లి కనుక్కోండి. ఊరివాళ్లు చూసి తప్పులుంటే చెప్పాలనే అలా అంటిస్తారు. పేరు తప్పుపడినా, విస్తీర్ణం తేడా వచ్చినా, అసలు పేరే లేకపోయినా అప్పుడే చెప్పాలి. గడువు కొద్ది రోజులే ఉంటుంది. ఆ తర్వాత జాబితా మండలం దాటి, జిల్లా దాటి పైకి పోతుంది. డబ్బు ఖాతాలో పడ్డాక దాన్ని వెనక్కి తీయించి ఇంకొకరికి ఇప్పించడం చాలా కష్టం. జాబితాలో పేరు మార్చడం దానికంటే ఎంతో సులువు.

అసలు ఎంత వస్తుందో తెలిస్తే మీ భయం కొంత తగ్గుతుంది. విపత్తు సహాయ నిధి నుంచి పంట నష్టానికి ఎంత ఇవ్వాలో కేంద్రం లెక్క పెట్టి ఉంచింది. 2022లో అమల్లోకి వచ్చిన ఆ లెక్కలో నీటి వసతి ఉన్న పంటకి హెక్టారుకు 17,000 రూపాయలు, వర్షాధారమైతే 8,500, తోటలకి 22,500. మన ఎకరాల్లోకి తెస్తే వరికి 6,900 లోపు. పంట 33 శాతమో అంతకు మించో పోతేనే ఇస్తారు. 2015కి ముందు సగం పోతేగానీ లెక్కలోకే వచ్చేది కాదు, ఆ మేరకు ఇప్పుడు నయం. దీని మీద రాష్ట్ర ప్రభుత్వాలు కొంత కలుపుతుంటాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదలప్పుడు మన రాష్ట్రం వరికి ఎకరానికి 10,000 ఇస్తామంది. ఆ లెక్కన మీ నాలుగెకరాలకు 40,000. కేంద్రం లెక్క మాత్రమే అయితే 27,500 చిల్లర.

ఈ డబ్బు పోయిన పంటకు ధర కట్టి ఇచ్చేది కాదు. దమ్ము, నారు, ఎరువు ఖర్చులో కొంత చేతికిచ్చి, మళ్లీ పంట వేసుకోమని ఇచ్చేది. మీ నష్టం చూడండి. ఎకరానికి 17 బస్తాలు తగ్గాయి, నాలుగెకరాలకు 68. బస్తా 75 కిలోలు, ఈ ఏడు (2025-26) మద్దతు ధర సాధారణ రకానికి క్వింటాలు 2,369. అంటే లక్షా ఇరవై వేలు పోయింది. అందులో మూడో వంతు వస్తే అదృష్టం.

ఇక్కడ మీరు ఉత్తరంలో అడగని విషయం ఒకటి చెప్పాలి. నా మటుకు నాకు అసలు విషయం అదే. మీ మక్తా ఎకరానికి 12 బస్తాలు, నాలుగెకరాలకు 48. పండేది పదమూడు లెక్కన 52. మక్తా పూర్తిగా కొలిచిస్తే మీకు మిగిలేది నాలుగు బస్తాలు. ఆరు నెలలు చాకిరీ చేసి, చేతినుంచి పెట్టుబడి పెట్టి, నాలుగు బస్తాలు! ఆ 48 బస్తాలు మద్దతు ధర లెక్కన 85,000 పైమాటే. సర్కారు సాయం 40,000 అనుకున్నా, దానికి రెండింతలకు పైన మీరు మక్తా కింద కట్టాలి. మీరు సాయం గురించి రాత్రిళ్లు మేలుకుంటున్నారు గానీ, మిమ్మల్ని నిజంగా ముంచేది మక్తా. పరిహారం మీ ఖాతాలోనే పడినా, మక్తా పూర్తిగా కట్టాల్సి వస్తే అది మీ చేతిమీదుగా ఆసామికే చేరుతుంది.

బాబాయి గారన్న "మక్తా లెక్కలో అప్పుడు చూద్దాం" అన్న మాటలో కూడా ఇదే ఉంది. ఆయన దురుద్దేశంతో అని ఉండకపోవచ్చు. కానీ ఆ మాట ఒప్పుకుంటే ఏమవుతుందో చూడండి. 85,000 మక్తాలో 40,000 సర్కారు డబ్బు జమ వేసుకుంటారు. మిగతా 45,000 మీరు కట్టాలి. నలభై వేలు తగ్గించానని ఆయన అనుకుంటారు, ఊరూ అనుకుంటుంది. ఆయన జేబులోంచి మాత్రం ఒక్క రూపాయి తగ్గదు. తుపాను దెబ్బంతా మీ ఒక్కరి మీదే పడుతుంది. కాబట్టి రెండు లెక్కలు వేరువేరుగా మాట్లాడాలి. పరిహారం పంట పెట్టినవాళ్లది. మక్తా తగ్గింపు ఆసామి తన వాటాలో వదులుకునేది. ఒకదాన్ని ఇంకోదానికి చెల్లు వేయనివ్వకండి.

ఇక పేరు సంగతి. పేరు మార్చమని ఆసామిని ఒప్పించడానికి మీ దగ్గర గట్టి ఆధారమే ఉంది, అది మీ ఉత్తరంలోనే ఉంది. ఆయనకి 11 ఎకరాలు, ముగ్గురు చేస్తున్నారు. కేంద్రం నిబంధనలో సాయం ఒక రైతుకు రెండు హెక్టార్ల వరకే. అంటే దాదాపు ఐదెకరాలు. పదకొండెకరాలూ ఆయన ఒక్కరి పేరు మీద ఉంటే ఐదెకరాలకే డబ్బు వస్తుంది. మిగతా ఆరెకరాలకు ఎవరికీ రాదు. మీకు రాదు, ఆయనకీ రాదు. ముగ్గురు కౌలుదారుల పేర్లూ విడివిడిగా ఎక్కి, ఒక్కొక్కరిదీ ఐదెకరాల లోపే అయితే పదకొండెకరాలకూ వస్తుంది. ఎకరానికి పదివేలైతే ఊరికే పోయేది 60,000. ఈ లెక్క బాబాయి గారికి చాలామటుకు తెలిసి ఉండదు. ఊళ్లో కౌలుకిచ్చిన పెద్ద ఆసాములు చాలామందికి తెలియదు.

అందుకే మీరు ఒంటరిగా ఫోన్ చేయకండి. మిగతా ఇద్దరు కౌలుదారులతో ముందు కూర్చోండి. ముగ్గురిదీ ఒకటే మాట కావాలి. "పొలం తీసేస్తారేమో" అన్న భయం మీరు ఒక్కరే అడిగినప్పుడు ఎక్కువ. ముగ్గురూ కలిసి, మర్యాదగా, ఆయనకి నష్టం లేని పద్ధతిలో అడిగితే ఆ భయం బాగా తగ్గుతుంది. ఆరేళ్లుగా నమ్మకంగా మక్తా కొలిచిన మనుషుల్ని ముగ్గుర్నీ ఒకేసారి మార్చడం హైదరాబాదులో కూర్చున్న ఆయనకీ తేలిక కాదు. కాలవ చివరి భూమికి, మురుగు సరిగా పోని భూమికి, కొత్త కౌలుదారు వరసలో నిలబడి ఉండడు.

మాట్లాడే ముందు ఆయనకి చేను చూపించండి. వాట్సాప్‌లో రెండు నిమిషాల వీడియో చాలు. రోడ్డు మీద నుంచి తీయకండి. దూరం నుంచి పడిపోయిన వరి కూడా పచ్చగా, పండినట్టే కనబడుతుంది. గట్టు దిగి, చేలోకి నడిచి, ఒక దుబ్బు చేత్తో పైకి లేపి చూపించండి. అడుగున కుళ్లి నల్లబడిన కాడ, నేలకి అంటుకున్న వెన్ను, నొక్కితే లోపల ఏమీ లేని తాలు గింజ, మొలక వచ్చిన గింజ ఉంటే అదీ. ఒక వెన్నులో గట్టి గింజలెన్ని, తాలెంత అని అరచేతిలో రాల్చి చూపించండి. ఆయన ఒకప్పుడు సేద్యం చేసినవారైతే ఇంకేం చెప్పనక్కర్లేదు. కోత అయిపోయి ఉంటే కళ్లంలో రంగు మారిన ధాన్యం రాశి, తూకం కాగితం చూపించండి.

తర్వాత ఫోన్‌లో ఇలా చెప్పొచ్చు: "బాబాయి గారూ, వీడియో చూశారు కదా. మీ పేరు మీదే పదకొండెకరాలూ ఉంటే ఐదెకరాలకే డబ్బు వస్తుందట, మిగతాది పోతుందట. మా ముగ్గురి పేర్లూ సాగుదారులుగా రాయమని మీరు ఒక్క మాట మన రైతు సేవా కేంద్రంలో చెప్పండి, కాగితం మీద సంతకం పెట్టి ఫొటో పంపండి. భూమి మీదే, పాసుపుస్తకం మీదే. మాకు దాని మీద లోను కూడా వద్దు. మక్తా సంగతి సంక్రాంతికి మీరు వచ్చినప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం."

"లోను వద్దు" అన్న మాట మరిచిపోకండి. ఆసాములు కౌలు కార్డు మీద సంతకానికి ఎందుకు జంకుతారో నేను చూసినంతలో కారణాలు మూడు. భూమి పోతుందేమోనన్న భయం పాతది. కౌలుదారులకు గట్టి రక్షణ ఇచ్చిన 1956 కౌలుదారీ చట్టం నాటి నుంచీ ఇళ్లల్లో తాతల మాటగా వస్తోంది. ఇప్పటి కార్డుకి ఆ భయం అక్కర్లేదు. అది 11 నెలలకే చెల్లుతుంది, 1బీ (భూమి ఎవరిదో చెప్పే రికార్డు)లో ఎక్కదు, భూమి మీద ఏ హక్కూ ఇవ్వదు, చట్టంలోనే ఆ మాట ఉంది. రెండోది, పీఎం కిసాన్ డబ్బు ఆగిపోతుందేమోనని. అది భూమి ఉన్నవాళ్లకిచ్చే డబ్బు. సాగుదారుగా మీ పేరు ఎక్కినందుకు ఆయనకి ఆగదు. మూడోది ఎవరూ పైకి చెప్పనిది. ఆసామి తానే సాగు చేస్తున్నట్టు చూపించి బ్యాంకులో పంట రుణం తీసుకుని ఉంటారు. కౌలుదారు పేరు కాగితం మీదికి వస్తే ఆ రుణానికి ఏమవుతుందోనని దిగులు. చాలా ఊళ్లలో సంతకం ఆగిపోయేది ఇక్కడే. ఒకే పొలం మీద ఇద్దరికి పంట రుణం ఎలాగూ ఇవ్వరు. మీకు ఇప్పుడు కావాల్సింది రుణం కాదు, నష్టపోయినవాళ్ల జాబితాలో పేరు. ఆ సంగతి ఆయన అడగకముందే మీరు చెబితే సగం ముడి విడిపోతుంది.

2011లో వచ్చిన పాత చట్టంలో కౌలుదారుకి కార్డు ఇవ్వడానికి భూమి యజమాని సంతకం తప్పనిసరి కాదు. 2019లో దాన్ని తప్పనిసరి చేశారు. భూమి యజమానులకి ధైర్యం ఇస్తే వాళ్లే ముందుకొచ్చి సంతకం పెడతారన్నది ఆలోచన. జరిగింది వేరు. సంతకం అడగలేక కార్డే వదులుకున్న కౌలు రైతులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. తుపాను వచ్చినప్పుడల్లా ఆ ఒక్క సంతకం లేనందువల్ల పంట పోయినవాడు ఒకడు, డబ్బు అందుకునేవాడు ఇంకొకడు అవుతున్నారు. దీన్ని సరిదిద్దాల్సింది ప్రభుత్వం. మీరు బాబాయి గారితో గొడవపడి తీర్చగలిగింది కాదు. అందుకే మీకు గొడవ లేని దారి చెబుతున్నాను.

ఆయన ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా మీ వైపు నుంచి ఒక అర్జీ వెళ్లి తీరాలి. మండల వ్యవసాయాధికారికి ఒకటి, తహసీల్దారుకి ఒకటి. ఆసామి మీద ఫిర్యాదులా రాయకండి. రికార్డు సరిచేయమని రాయండి. ఇంత చాలు:

"ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబరులో 4 ఎకరాల వరి ఈ ఖరీఫ్‌లో నేను కౌలుకు సాగు చేశాను. మొంథా తుపానులో పంట దెబ్బతిన్నది. నష్టం జాబితాలో ఈ విస్తీర్ణం భూమి యజమాని పేరున నమోదయింది. వాస్తవ సాగుదారును నేనే కాబట్టి విచారించి నా పేరున నమోదు చేయవలసిందిగా కోరుతున్నాను. చుట్టుపక్కల పొలాల రైతుల సంతకాలు, ఎరువుల బిల్లులు, పంట ఫొటోలు జతచేస్తున్నాను."

ఇందులో అన్నిటికన్నా విలువైనవి పక్క చేలవాళ్ల సంతకాలు. నాలుగు గట్లవతల ఉన్న రైతుల్లో కనీసం ఇద్దరు "ఈ చేను చేసింది ఈవిడే" అని సంతకం పెడితే, విచారణకు వచ్చిన వీఆర్వో గానీ వ్యవసాయ సహాయకులు గానీ కాదనలేరు. ఎరువుల కొట్లో బాకీ రాయించేదీ మీరేనన్నారు, ఆ ఖాతా పేజీ ఫొటో తీసుకోండి. పోయినేడు మక్తా ఫోన్‌పేలో పంపి ఉంటే అది కూడా సాక్ష్యమే, ఫోన్‌లో వెతికి స్క్రీన్‌షాట్ తీయించండి. ఇన్నాళ్లూ కాగితం లేదనుకున్నారు గానీ కౌలుకు మీరు కట్టిన డబ్బుకి అదే కాగితం. అర్జీ ఇచ్చాక రసీదు తీసుకోకుండా రావొద్దు. అక్కడ కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజా సమస్యల పరిష్కార వేదికకి వెళ్లండి. అక్కడ ఇచ్చినదానికి నంబరు పడుతుంది, మండలానికి తిరిగి వస్తుంది, వాళ్లు జవాబు రాయాలి. ముగ్గురూ ఒకే రోజు వెళ్లండి.

వ్యవసాయ సహాయకుల మీద కోపం పెట్టుకోకండి. మీ పేరు లేకపోవడం ఆ అబ్బాయో అమ్మాయో కావాలని చేసింది కాకపోవచ్చు. ఈ-పంట యాప్‌లో భూమి రికార్డు నుంచి యజమాని పేరు ముందే వచ్చి ఉంటుంది. సాగుదారు వేరు అని ఎవరూ చెప్పకపోతే అదే ఖాయమవుతుంది. ఖరీఫ్ నమోదప్పుడు మీరు చెప్పారో లేదో మీకే తెలియాలి. ఇప్పుడు వాళ్లతో మంచిగా ఉంటే విచారణ తొందరగా నడుస్తుంది.

ఒకవేళ బాబాయి గారు పేరు మార్పుకు ఒప్పుకోకుండా, "డబ్బు పడగానే నేనే పంపిస్తాను" అంటే? ఇద్దరు పెద్దమనుషుల ముందు ఆ మాట అనిపించండి, లేదా వాట్సాప్‌లో రాయించుకోండి. "తుపాను సాయం పడగానే మీ నాలుగెకరాల వంతు పంపుతాను, మక్తాకి సంబంధం లేదు" అన్న ఒక్క వాక్యం చాలు. అది కోర్టులో పనికొస్తుందని కాదు. మాట ఇచ్చిన మనిషి మాట మీద నిలబడటానికి అది సాయపడుతుంది. అర్జీ ఎలాగూ వేసి ఉంటారు కాబట్టి మీ జాగ్రత్త మీకుంటుంది.

ఆయన దేనికీ ఒప్పుకోకపోతే, అప్పుడు మీరు తేల్చుకోవాల్సింది ఉంది. ఇక్కడ నా అభిప్రాయం చెబుతాను, నిర్ణయం మీది. 27,000కో 40,000కో ఆయన మీద పోలీసు స్టేషన్‌కో కోర్టుకో వెళ్లమని నేను చెప్పను. ఆరేళ్ల నుంచి చేస్తున్న నాలుగెకరాలు మీ కుటుంబానికి అంతకన్నా ముఖ్యం. అర్జీ మాత్రం వెనక్కి తీసుకోకండి. మక్తా దగ్గర మాత్రం గట్టిగా నిలబడండి. పరిహారం ఆయనే ఉంచుకుంటే ఆ మొత్తం పోను, పండినదాన్ని బట్టి మక్తా ఉండాలని అడగండి. సగానికి పైగా పంట పోయిన ఏడు మక్తా సగమైనా తగ్గడం న్యాయం. మంచి ఏడు 30 బస్తాలు పండితే 12 ఆయనవి, అంటే పదింట నాలుగు వంతులు. అదే వంతున 13 బస్తాల్లో ఆయనకి వచ్చేది ఐదు బస్తాల చిల్లర. మీరు ఎకరానికి ఐదు దగ్గర మొదలుపెట్టండి, ఆరు దగ్గర తెగినా నష్టం లేదు. ఇంకో సంగతి, మక్తా బస్తాల్లో చెప్పి డబ్బులో ఇచ్చే అలవాటైతే, బస్తాకి ధర ఎంత కట్టాలో ముందే తేల్చుకోండి. మీరు రంగు మారిన ధాన్యాన్ని ఎంతకు అమ్మారో అదే ధర కట్టాలి. మద్దతు ధర కడితే మళ్లీ మీరే నష్టపోతారు.

ఆయనకి ఆ పొలం మీద పంట రుణం ఉంటే, తుపాను దెబ్బతిన్న ప్రాంతంగా ప్రకటించాక ఆ రుణం గడువు పెంచే వీలు రిజర్వు బ్యాంకు నిబంధనల్లో ఉంది. చేను మునిగింది మీది, గడువు దొరికేది ఆయనకి. మక్తా మాట్లాడేటప్పుడు ఈ సంగతి మెల్లగా గుర్తుచేయొచ్చు.

ధాన్యం అమ్మకం దగ్గర కూడా ఈ పేరు గొడవ మళ్లీ వస్తుంది, ముందే చూసుకోండి. సర్కారు కొనుగోలుకి కూడా ఈ-పంట వివరాలే ఆధారం. పేరు ఆసామిది అయితే ధాన్యం డబ్బు కూడా ఆయన ఖాతాకే పోతుంది. పరిహారం కంటే ఇది పెద్ద మొత్తం. అందుకే పేరు మార్పు అర్జీ వేసేటప్పుడు ధాన్యం కొనుగోలు మాట కూడా అందులో ఒక వాక్యం రాయండి. తేమ 17 శాతం దాటితే, రంగు మారిన, మొలకెత్తిన గింజ ఎక్కువైతే కొనరు. తుపాను ఏళ్లలో ఆ నిబంధన సడలించిన సందర్భాలున్నాయి. సడలింపు వచ్చిందో లేదో కేంద్రంలో అడగకుండా దళారికి తెగనమ్ముకోకండి. కళ్లంలో ధాన్యం ఇంకా ఉంటే, బాగున్నదీ పాడైనదీ కలిపేయకండి. కలిపితే మంచిదానికి కూడా ధర పోతుంది.

డ్వాక్రా వాయిదా విషయం. వాయిదా తప్పాక చెప్పేకంటే, తప్పకముందే సంఘం మీటింగులో చెప్పండి. మీ గ్రూపులో పొలం మునిగినవాళ్లు మీరొక్కరే అయి ఉండరు. నలుగురైదుగురు కలిసి అడిగితే రెండు నెలలు వడ్డీ మాత్రం కట్టి నడిపించే ఏర్పాటు సంఘంలోనే చేసుకోవచ్చు. ఎరువుల కొట్టు యజమానికి కూడా మీరే వెళ్లి, ధాన్యం అమ్మగానే ఎంత ఇవ్వగలరో చెప్పి రండి. ఆ కొట్టాయన కూడా ఈ ఏడు ఊరందరి పరిస్థితీ చూస్తూనే ఉంటాడు. మొహం చాటేస్తేనే అనుమానపడతాడు. నెలకు నూటికి రెండో మూడో వడ్డీ వేస్తాడేమో అడిగి తెలుసుకోండి. వడ్డీ ఎక్కువైన అప్పే ముందు తీర్చాలి.

పంట బీమా సంగతి మీరు రాయలేదు. ప్రీమియం కట్టి ఉంటే అది ఈ సాయానికి వేరు, దీనివల్ల అది పోదు, దానివల్ల ఇది పోదు. పంట కోత ప్రయోగాల్లో తేలిన దిగుబడిని బట్టి తర్వాతెప్పుడో వస్తుంది. కానీ అందులో కూడా పేరు ఎవరిదో అదే రసీదులో చూసుకోండి.

మీ సొంత 60 సెంట్లు మీ ఆయన పేరున జాబితాలో ఉన్నాయా అన్నది కూడా ఉత్తరంలో లేదు. నాలుగెకరాల దిగులులో చిన్నదాన్ని మరిచిపోతారు. ఉంటే ఆధార్‌కి ఏ బ్యాంకు ఖాతా జతైందో కనుక్కోండి. మీరు వాడే ఖాతా ఒకటి, ఎప్పుడో గ్యాస్ కోసం తెరిచి వదిలేసినది ఇంకొకటి అయితే డబ్బు ఆ వదిలేసిన ఖాతాకి పోతుంది. పేరు చేర్పిస్తామని డబ్బు అడిగేవాళ్లకి గానీ, ఫోన్ చేసి ఓటీపీ అడిగేవాళ్లకి గానీ ఏమీ ఇవ్వకండి.

ఇక వచ్చే ఏడు గురించిన భయం. వచ్చే జూన్ దాకా ఆగక్కర్లేదు. మీ చేలల్లో వరి తర్వాత మినుము చల్లుతారు కదా, ఈసారి చల్లేముందు బాబాయి గారితో ఒక మాట తేల్చుకోండి, ఈ మినుము పంట మీదేనా అని. తేలకుండా మళ్లీ విత్తనం కొనకండి. రబీ ఈ-పంట నమోదు ఖరీఫ్‌తో సంబంధం లేకుండా వేరుగా జరుగుతుంది. ఖరీఫ్‌లో తప్పిపోయిన పేరు ఎక్కించుకోవడానికి అది మొదటి అవకాశం. మినుము మొలిచాక ఫొటో తీయడానికి వ్యవసాయ సహాయకులు వచ్చే రోజు ముందే కనుక్కుని చేలో ఉండండి. సాగుదారు పేరు మీ ఆయనది కాదు, మీదే రాయించండి, చేను నడిపేది మీరే కాబట్టి. వేలిముద్ర మీరే వేయండి. నమోదు అయ్యాక యాప్‌లో మీ పేరు, సర్వే నంబరు, ఎకరాలు కనబడే తెరను అక్కడికక్కడే మీ ఫోన్‌తో ఫొటో తీసుకోండి.